రోగుల ముందే అవమానిస్తుంటే...

ప్రశ్న: అమలాపురం దగ్గర ఒక వ్యసన విముక్తి కేంద్రంలో కౌన్సెలర్‌ని. మా డైరెక్టరుగారు మమ్మల్ని వార్డులో మంచాల మధ్య నిలబెట్టి, రోగులు వింటుండగానే కసురుతారు. జరగని కౌన్సెలింగును జరిగినట్టు కేసు షీట్లో రాయమంటారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, ముందు ఆ రాత మానండి. కసుర్లు మీ మనసును గాయపరుస్తాయి. అబద్ధపు కేసు షీటు, దాన్ని నమ్మి మందు మార్చే డాక్టరు చేతిలో, రోగి ప్రాణం మీదికే తేవచ్చు. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోకే వస్తాయి కనుక, ఇలాంటి కేంద్రాల నమోదును చూసే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థకు మీరు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. తేదీ, సమయం, అన్న మాట, విన్నవారు ఎవరన్నది ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసుకోండి. రోగుల పేర్లు మాత్రం అందులో వద్దు. మీకే నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.