మత్తు పుట్టగొడుగులు మా వైపు దొరుకుతాయా? మేం వెతికితే దొరికింది ఇదీ

మహారాష్ట్ర నాందేడ్ జిల్లా ధర్మాబాద్ చుట్టుపక్కల వానలు తక్కువ, ఉన్నవన్నీ పత్తి చేలు, బీళ్లు, ఇక్కడ మత్తెక్కించే అడవి పుట్టగొడుగులు దొరుకుతాయా, ఫోన్‌లో ఫోటో పెట్టుకుని పోల్చుకుంటే సరిపోతుందా అని మీరు అడిగారు. మాది అదే జిల్లాలో కిన్వట్ తాలూకా. ఇరవై రెండేళ్ల వయసులో నేనూ ఇదే పని మీద బయల్దేరాను.

ముగ్గురం వెళ్లాం. ఒకడు కొడైకెనాల్ చూసొచ్చి, అక్కడ మత్తు పుట్టగొడుగుల గురించి విన్న కబుర్లన్నీ మా చెవుల్లో పోశాడు. శ్రావణంలో పది రోజులు ఎండ కాసి రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున్నే చెరువు వెనక బీట్లోకి పోయాం. పేడ కుప్పల మీద కొన్ని, నీలగిరి చెట్ల కింద కొన్ని, గడ్డిలో కొన్ని. అన్నీ గోధుమరంగే, అన్నీ వేలెడంతే. ఫోన్‌లో ఉన్నది ఒక్క ఫోటో, నేల మీద కనీసం ఐదారు రకాలు. దేన్ని చూసినా ఫోటోలోదే అనిపించింది. ఏదో ఒకటి దొరకాలని మనసులో పెట్టుకుని పోయినవాడికి అలాగే కనిపిస్తుంది మరి.

కొడైకెనాల్ వాడు అక్కడే నాలుగైదు నమిలాడు. అరగంట కాలేదు, వాడికి చెమటలు మొదలయ్యాయి. మామూలు చెమట కాదు, బనియన్ పిండితే నీళ్లు కారేంత. నోట్లోంచి చొంగ, కళ్లల్లోంచి నీళ్లు, కడుపు పట్టుకుని వంగిపోయాడు. కంటిపాప ఆవగింజంత అయింది. వాడికి లోకం రంగురంగులుగా కనిపిస్తుందని ఎదురు చూస్తున్న మాకు ఏం చేయాలో తోచలేదు. బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని దవాఖానాకు తీసుకుపోయాం.

డాక్టర్ వాడి నోరు వాసన చూసి "మందు తాగాడా?" అన్నారు. "లేదు సార్, చుక్క ముట్టలేదు" అన్నాను. ఆయన అడిగింది సారా సంగతి కాదు, పురుగుమందు సంగతి. పత్తి పండే నేలలో చెమట, చొంగ, చిన్నబడిన కంటిపాప కనిపిస్తే ఏ డాక్టరుకైనా ముందు తట్టేది అదే. మా పక్క జిల్లా యవత్మాల్‌లో 2017లో మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు, గుర్తుండే ఉంటుంది. పుట్టగొడుగు తిన్నాడని చెప్పాక ఆయన కాసేపు మా ముఖాలు చూసి, అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఎక్కించారు. కొన్ని రకాల్లో మస్కరిన్ అనే విషం ఉంటుందట. అదీ, పత్తికి కొట్టే కొన్ని మందులూ ఒంట్లో దాదాపు ఒకే రకం గోల చేస్తాయి. అందుకే రెండింటికీ అట్రోపినే. పత్తి ఊళ్ల దవాఖానాలో ఆ ఇంజెక్షన్ ఎప్పుడూ సిద్ధంగా ఉండటం మావాడి అదృష్టం.

"తిన్నది ఏది, తెచ్చారా?" అని ఆయన అడిగితే మా దగ్గర ఏమీ లేదు. మా అన్న సాయంత్రం ఆ బీట్లోకి పోయి చూస్తే పేడ మీద ఉన్నవి కరిగి నల్ల సిరాలా కారిపోతున్నాయి. కొన్ని రకాలకు అదే లక్షణం, పూటలోనే తమను తాము కరిగించుకుంటాయి. ఇంకొన్ని ఎండకు వడలి ముడుచుకుపోయాయి. పొద్దున ఒక రూపం, సాయంత్రం ఇంకో రూపం, ఇక మీ ఫోటో దేనికి సరిపోతుంది చెప్పండి. వాడు తిన్నది ఏ రకమో ఈ రోజుకీ మాకు తెలియదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. ఆ మత్తు పదార్థం పేరు సైలోసైబిన్. 1958లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ మెక్సికో పుట్టగొడుగుల నుంచి దాన్ని విడదీశాడు. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం జాబితాలో ఉంది. దొరికితే కేసు అవుతుంది. దానికన్నా ముందు, దొరికింది అదేనని మీకు చెప్పేవాడు ఎవడూ ఉండడు. అసలు భయం అక్కడే.

ఇక పొడి నేలలో పుట్టగొడుగు ఎలా వస్తుందన్న మీ ప్రశ్నకు జవాబు మా మేనత్త దగ్గర ఉంది. ఆమె మత్తువి కాదు, తినేవి ఏరుతుంది. మృగశిర దాటి ఆరుద్రలో ఉరుములు ఉరిమిన మర్నాడు, వెలుగు రాకముందే గంప తీసుకుని వెళ్లిపోతుంది. పైన నేల ఎంత ఎండినా పుట్ట లోపల చెమ్మ పోదు. చెదలు ఆకులు, పుల్లలు నమిలి లోపల గూళ్లు కట్టి, వాటి మీద బూజును పెంచుకుంటాయి, మనం పంట పెంచుకున్నట్టే. వాన పడ్డాక ఆ బూజే గొడుగై పైకి వస్తుంది. పుట్టగొడుగు అన్న పేరు ఊరికే రాలేదు. మిగతావన్నీ అత్త లెక్కలో కుక్కగొడుగులే.

ఆమె గొడుగును చూసి కోయదు, చోటును చూసి కోస్తుంది. పోయినేడు కోసిన పుట్ట దగ్గరే ఈసారీ కోస్తుంది. కాడను గుంజదు. మట్టి కొంచెం తవ్వి వేళ్లతో మెల్లగా తిప్పుతుంది. కాడ కింద వేరులాంటి పొడవాటి తోక లోపలికి దిగి ఉండాలి. అది లేకపోతే అక్కడే పారేస్తుంది. కోసినవి మధ్యాహ్నం దాటకుండా ఉల్లిపాయ, పసుపు, కారం వేసి పొయ్యి మీదికి ఎక్కాల్సిందే. జొన్నరొట్టెతో తింటే ఆ రోజు ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

వెండి చెంచా నల్లబడితే విషం, వెల్లుల్లి రంగు మారితే విషం, పురుగు తింటే మంచిది అనే మాటలు మీరూ వినే ఉంటారు. ఇవేవీ పనికిరావు. అన్నిటికన్నా చెడ్డ రకాలు ఉడికించినా విషం పోదు. పైగా తిన్నాక ఆరు నుంచి పన్నెండు గంటల వరకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. రెండో రోజు తగ్గినట్టు అనిపిస్తుంది, లోపల లివర్ పాడవుతూ ఉంటుంది. మావాడికి అరగంటలో తెలియడం ఒక రకంగా మేలే అయింది.

ఎవరైనా తిని ఇబ్బంది పడితే ఉప్పునీళ్లు, చింతపండు పులుసు తాగించి కక్కించే పని పెట్టుకోకండి. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబర్ 1800 116 117. మిగిలిన ముక్క ఉంటే పాలిథిన్ కవర్లో కాకుండా కాగితంలో చుట్టి తీసుకుపోండి. ఎన్ని గంటలకు తిన్నారో రాసి పెట్టండి. డాక్టరు రెండు సార్లు అడిగినా మేం టైం చెప్పలేకపోయాం.

పుట్టగొడుగు రుచి చూడాలనుకుంటే ఆరుద్రలో ఒక ఆదివారం కిన్వట్ రైలెక్కండి, మా ఇంట్లో తిని పోదురు. కూడా వస్తానంటే మాత్రం అత్త ఒప్పుకోదు. ఆ పుట్ట ఎక్కడుందో కన్న కొడుక్కే ఇంతవరకు చూపించలేదు.