సమాధానం: బస్టాండు దగ్గరి పెద్దాయనకు అద్దె గది

వందనాలు బ్రదర్. తిరుపతి బస్టాండు దగ్గర పడుకునే పెద్దాయనకు చర్చి సంఘం తరఫున గది చూస్తున్నారు, ఆధార్ లేదని ఓనర్లు ఒప్పుకోవడం లేదు అన్నారు గదా.

ముందు ఆయన్నే అడగండి, ఎప్పుడైనా ఆధార్ తీయించుకున్నారేమో. తీయించుకుని ఉంటే కొత్తగా అప్లై చేయొద్దు, డూప్లికేట్ అని రిజెక్ట్ అవుతుంది. ఆధార్ సెంటర్లో వేలిముద్రతో పాత వివరాలు బయటికి తీయొచ్చు. వేళ్లు అరిగిపోయుంటే కనుపాప స్కాన్‌తో తీయొచ్చు. అసలు తీయించుకోనే లేదంటే, గుర్తింపు ఉన్న షెల్టర్ హోమ్ నిర్వాహకుడు ఆధార్ వాళ్ల ఫారంలోనే సంతకం, సీలు వేసిచ్చే సర్టిఫికెట్ పనికొస్తుంది. అది 3 నెలలే చెల్లుతుంది. చర్చి లెటర్‌హెడ్ మీద రాసిస్తే తీసుకోరు.

అగ్రిమెంటు 11 నెలలకు, ఆయన పేరు మీదే రాయించండి. పాస్టరుగారి పేరు మీద రాస్తే రేపు ఆ అడ్రసు పెద్దాయనకు దేనికీ పనికిరాదు. అడ్వాన్సు మాత్రం సంఘం ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. అద్దె నేరుగా ఓనరుకే పంపండి.

60 దాటితే ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 4,000 రూపాయలు వస్తుంది, వార్డు సచివాలయంలో అడగండి. బియ్యం కార్డు లేకుండా అది కదలదు. రాసుకున్న నెలకే చేతికి రాదు కాబట్టి కనీసం 6 నెలల అద్దె పక్కన పెట్టుకోండి.

వంటకు 5 కిలోల చిన్న సిలిండరు చాలు, దానికి అడ్రసు ప్రూఫ్ అడగరు. చాప, బకెట్, ఫ్యాను, తాళం. తాళంచెవులు రెండూ ఆయనకే ఇవ్వండి.

మొదట్లో రాత్రిళ్లు మళ్లీ బస్టాండుకే వెళ్తారు, తెలిసినవాళ్లంతా అక్కడే కదా. దానికి గది ఖాళీ చేయించొద్దు. ఆదివారం ఆరాధనకు వస్తేనే అద్దె కడతామనే షరతు అసలే వద్దు.