పుస్తకాల శీర్షిక: కరమజోవ్ ఇంట్లో పిచ్చి ఎవరికి?

ప్రశ్న: దోస్తోయెవ్‌స్కీ 'కరమజోవ్ సోదరులు' చదువుతున్నాను. అందులో నిజంగా మతి చెడినవాళ్లెవరు? నేనూ ఒక కుటుంబ నవల రాస్తున్నా. 'గాలి సోకింది' అని ఊరంతా అనే జేజి పాత్ర ఉంది. ఎంత రాసినా నాటకంలా తేలుతోంది.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు పేర్ల చిక్కు తీర్చుకుందాం. తండ్రి ఫ్యోదోర్. మొదటి భార్యకు మీత్యా, రెండో భార్య సోఫియాకు ఇవాన్, అల్యోషా. వంటవాడు స్మెర్ద్యాకోవ్ కూడా ఆయన బిడ్డేనని ఊళ్లో అనుకుంటారు.

మీ జేజికి దగ్గరి మనిషి సోఫియా. ఆమెలా కేకలు పెట్టి పడిపోయే ఆడవాళ్లను రష్యన్ పల్లెల్లో 'క్లికూషా' అనేవాళ్లు. దయ్యం పట్టిందని కొందరు, పని ఎగ్గొట్టే వేషమని కొందరు. కథకుడు ఆ రెండూ ఒప్పుకోడు. సాయం లేని కష్టమైన కాన్పు, పచ్చి బాలింతగానే గొడ్డుచాకిరీ, దెబ్బలు, ఎవరికీ చెప్పుకోలేని దిగులు: ఇవీ కారణాలంటాడు. మీ జేజికి కాన్పు ఎట్లా జరిగింది, ఎన్నో రోజున మళ్లీ చేనికి పోయింది? అది తేలకుండా కేకలు రాస్తే వట్టి చప్పుడే మిగులుతుంది.

ఇంకొకటి. సోఫియా మూర్ఛను రచయిత నేరుగా చూపించడు. ఆమె పోయిన చాలా ఏళ్లకు, తాగిన మైకంలో ఫ్యోదోర్ చెబుతాడు: ఆమె కొలిచే పటం మీద ఉమ్మేస్తానని తాను బెదిరించడం, ఆమె లేచి చేతులు నలుపుకుని, మొహం కప్పుకుని, వణుకుతూ పడిపోవడం. వింటున్న అల్యోషా అచ్చం అట్లాగే లేచి, చేతులు నలుపుకుని, మొహం కప్పుకుని కూలబడతాడు. ఫ్యోదోర్ కంగారుపడి, వీడు వాళ్లమ్మను తలుచుకున్నాడంటాడు. ఆమె నాకూ అమ్మే కదా అంటాడు ఇవాన్. ఆ సంగతే తండ్రికి గుర్తు లేదు! వంశంలో వచ్చిందన్న మాట ఎక్కడా వాడకుండా అదే కదలిక కొడుకులో చూపించాడు. మీరూ జేజికి ఒక్క కదలిక ఎంచుకుని, దాన్ని మనవరాలిలో ఇంకోసారి రానివ్వండి. మూడోసారి వద్దు, తంతు అయిపోతుంది.

ప్రశ్న: ఇవాన్ గదికి వచ్చిన దయ్యం నిజమా, భ్రమా? అంత మామూలుగా ఎందుకుంది?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మామూలుగా ఉండటమే దాని బలం. కాలం చెల్లిన గళ్ల ప్యాంటుతో యాభై ఏళ్ల పెద్దమనిషి, కీళ్లవాతం అంటాడు. ఏడు పూడ్ల, అంటే సుమారు 115 కిలోల, షావుకారు భార్యగా పుట్టాలని ఆశపడతాడు. కానీ కొత్త మాట ఒక్కటీ చెప్పడు. అతను చెప్పిన ఒక కథ తాను 17 ఏళ్లప్పుడు అల్లిందేనని ఇవానే పట్టుకుంటాడు. కోపంతో అతని మీదికి విసిరిన గ్లాసు, కిటికీ తట్టిన చప్పుడుకు లేచి చూస్తే, బల్ల మీదే ఉంటుంది. భ్రమేనన్న సంగతి రచయిత గ్లాసుతో చూపించాడు.

ఈ పతనానికి పునాది చాలా ముందే పడింది. తమ్ముడి దగ్గర సెలవు తీసుకుని పోతున్న ఇవాన్ నడకలో ఊగుతాడు, కుడి భుజం ఎడమదాని కంటే దిగి కనిపిస్తుంది. చాలామంది ఆ వాక్యం దాటేస్తారు. వెనక్కి పోయి చదవండి.

ప్రశ్న: స్మెర్ద్యాకోవ్‌కు వచ్చింది నిజం ఫిట్సా, నటనా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: రెండూ. రేపు ఫిట్స్ వస్తుందేమోనని ముందే అంటాడు. అది ముందుగా తెలియదు కదా అని ఇవాన్ అక్కడే అడుగుతాడు. ఫ్యోదోర్ హత్య జరిగిన నాటిది నటనని తర్వాత తనే ఒప్పుకుంటాడు, మర్నాడు వచ్చింది మాత్రం నిజం. దోస్తోయెవ్‌స్కీకే మూర్ఛవ్యాధి ఉండేది. మూడేళ్లు నిండని కొడుకు అల్యోషా 1878లో ఫిట్స్‌తోనే పోయాడు. ఆ పేరే నవలలో చిన్న కొడుక్కి పెట్టుకున్నాడు.

వైద్యుల మీద కూడా ఆయన ఒక దృశ్యం రాశాడు. తండ్రిని చంపాడన్న కేసులో కోర్టుకెక్కిన మీత్యా మతి సంగతి తేల్చడానికి ముగ్గురు వస్తారు. బుద్ధి సరిగా ఉంటే ఎడమవైపు ఆడవాళ్లను చూస్తూ వచ్చేవాడంటాడు ఒకరు. కాదు, కుడివైపు తన వకీలును చూసేవాడంటాడు రెండో ఆయన. మూడో ఆయన, ఎదురుగా జడ్జీలుంటే మనిషి నేరుగానే కదా చూస్తాడంటాడు.