హుషారొచ్చిందని గోమార్ల జ్వరం మందు ఆపేయకండి

ప్రశ్న: మా ల్యాబ్రడార్ రాకీకి నాలుగేళ్లు, బరువు 28 కిలోలు. పోయిన వారం తిండి మానేసి మూలన పడుకున్నాడు. ఒళ్లు కాలిపోతుంటే పారాసిటమాల్ 650 మాత్ర సగం వేశాం. మర్నాడు లేచాడు కానీ ఆ తర్వాత మళ్లీ జ్వరం వచ్చి, ముక్కులోంచి రక్తం కారింది. పరీక్షలో ప్లేట్‌లెట్లు 42 వేలే ఉన్నాయి. గోమార్ల జ్వరమని చెప్పి డాక్సీసైక్లిన్ 28 రోజులు రాశారు. ఐదు రోజులకే వాడు మామూలైపోయాడు. ఇక ఆపేయొచ్చా? ఇంకో సంగతి. మా నాన్నగారు ఇన్సులిన్ మీద ఉన్నారు. రాత్రిపూట షుగర్ పడిపోయినప్పుడు రెండుసార్లు రాకీయే మంచమెక్కి మొహం నాకి ఆయన్ని లేపాడు. జబ్బు పడ్డాక ఓ రాత్రి షుగర్ 58కి పడినా కదల్లేదు. వాడికి నిజంగా తెలుస్తుందా? జ్వరంతో ముక్కు పోయిందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆపొద్దు. ఈ జబ్బులో ఎక్కువమంది చేసే పొరపాటు అదే. గోమారి (కొన్నిచోట్ల పిడుదు అంటారు) కుట్టినప్పుడు ఎర్లీకియా అనే సూక్ష్మజీవి కుక్క తెల్ల రక్తకణాల్లోకి చేరుతుంది. డాక్సీసైక్లిన్ పడితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది, ఆకలి వేస్తుంది. అలాగని క్రిమి మొత్తం పోయినట్టు కాదు. మధ్యలో మానేస్తే ప్లీహంలో దాక్కుని నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుపుతుంది. ఆ తర్వాత ఎముక మజ్జను దెబ్బతీస్తే రక్తకణాల తయారీయే తగ్గిపోతుంది. ఆ దశకు వచ్చిన కుక్కను నిలబెట్టడం చాలా కష్టం.

మోతాదు కిలోకు రోజుకు 10 మి.గ్రా. అంటే రాకీకి 280. మీ డాక్టరు 100 మి.గ్రా. మందు రోజుకు మూడు రాసి ఉంటే లెక్క సరిపోయినట్టే. ఉత్త కడుపున వేస్తే వాంతి చేసుకుంటాడు, అన్నంతో పాటు ఇవ్వండి. పాలల్లో, పెరుగులో మాత్రం కలపకండి, కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదు. ఉడికించిన చికెన్ ముక్కలో పెట్టి మింగించి, వెంటనే కాసిని నీళ్లు తాగించండి. ఈ మందు గొంతులో అతుక్కుంటే అన్నవాహికలో పుండు పడుతుంది. మందు మొదలెట్టాక మింగడానికి బాధపడే కుక్కల్లో చాలాసార్లు కారణం ఇదే.

మీరు వేసిన సగం మాత్రంటే 325 మి.గ్రా. 28 కిలోల ఒంటికి కిలోకు 12 మి.గ్రా. లోపే, ఆ ఒక్కసారితో ముప్పేమీ లేదు. అదే సగం మాత్ర నాలుగు కిలోల పామరేనియన్‌కు వేస్తే కిలోకు 80 దాటుతుంది, కాలేయం దెబ్బతినే మోతాదు అది. పిల్లికైతే అసలు వేయకూడదు, ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు ఆ పుండు నుంచి రక్తం ఆగదు. పైగా చెయ్యి పెట్టి జ్వరం చూడటం కుక్కల విషయంలో పనికిరాదు. వాటి మామూలు వేడే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, ఎప్పుడు ముట్టుకున్నా మనకు వేడిగానే ఉంటుంది. డిజిటల్ థర్మామీటర్ కొనకు వ్యాజ్‌లైన్ రాసి మలద్వారంలో పెట్టి చూడండి.

రోజూ పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. చిగుళ్లు తెల్లబడినా, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు కనబడినా, మలం తారులా నల్లగా వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రం కాఫీ రంగులో ఉంటే బబీసియా అనే మరో జబ్బు కూడా తోడై ఉండొచ్చు. అదీ గోమార్ల వల్లే వస్తుంది కానీ మందు వేరు, డాక్సీసైక్లిన్ ఒక్కటే దాన్ని తగ్గించలేదు. మళ్లీ ముక్కులోంచి రక్తం వస్తే గుడ్డలో ఐసు చుట్టి ముక్కు పైభాగాన ఆనించి, కదలకుండా కూర్చోబెట్టండి. ముక్కులో దూది కుక్కకండి.

బొప్పాయి ఆకు రసం గురించి చాలామంది అడుగుతారు. అది డాక్సీసైక్లిన్ చేసే పని చేయదు. ఆ చేదుకు వాంతి చేసుకుంటే వేసిన మందూ బయటికొస్తుంది. రక్తం తగ్గిన కుక్కకు ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర గానీ బిర్యానీ గానీ పెట్టొద్దు, అవి ఎర్ర కణాలను పగలగొడతాయి. ప్లేట్‌లెట్ల పరీక్ష వారానికోసారి, కోర్సు అయ్యాక మరోసారి చేయించండి. 2 లక్షలు దాటాలి. కిట్‌తో చేసే యాంటీబాడీ పరీక్ష మాత్రం జబ్బు తగ్గినా నెలల తరబడి పాజిటివ్ చూపిస్తుంది. అది చూసి మళ్లీ మందు మొదలెట్టకండి.

ఇక ఇల్లు. గోమార్లు కుక్క మీద ఎన్ని కనిపిస్తే అంతకు ఎన్నో రెట్లు గోడల్లో ఉంటాయి. రక్తం తాగి ఉబ్బిన ఆడది కిందికి రాలి, గోడ ఎక్కి పగుళ్లలో దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల దశ నుంచి పెద్దయ్యేదాకా మూడుసార్లు కుక్క మీదికెక్కి దిగుతుంది. అందుకే ఒకసారి మందు కొట్టి వదిలేస్తే పనవ్వదు, గుడ్లు పొదిగాక మళ్లీ కొట్టాలి. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చండి, పక్కగుడ్డలు వేడినీళ్లలో ఉతకండి, సోఫా కుట్ల మధ్య వెతకండి. కుక్కకైతే ఫ్లూరలానర్ మాత్ర ఒకటి దాదాపు 12 వారాలు పనిచేస్తుంది. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. చెవి మడతలు, వేళ్ల సందులు, కాలర్ కింద రోజూ వెతికి, పట్టుకారతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగరొత్తితో కాల్చడం, వేళ్లతో నలపడం వద్దు.

రెండో ప్రశ్నకు వస్తే, రాకీకి తెలిసే ఉంటుంది. షుగర్ పడిపోతున్నప్పుడు మనిషి ఊపిరిలో ఐసోప్రీన్ అనే రసాయనం పెరుగుతుందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో గమనించారు. కుక్కలు పట్టుకునేది దాన్నేనని ఇంకా తేలలేదు. ఆ సమయంలో పట్టే చెమట, వణుకు, నిద్రలో అశాంతి కూడా వాటికి ఆనవాళ్లే. అయితే శిక్షణ పొందిన కుక్కల్లోనూ ఒకటి బాగా చెబితే మరొకటి తడబడుతుంది.

ముక్కు పోయిందని బెంగపడకండి. జ్వరంతో రొప్పే కుక్క నోటితో గాలి పీలుస్తుంది, వాసన చూడటం తగ్గుతుంది. దానికే ఓపిక లేనప్పుడు మంచమెక్కి మిమ్మల్నేం లేపుతుంది! అమెరికాలోని ఆబర్న్ యూనివర్సిటీలో పేలుడు పదార్థాలు పసిగట్టే కుక్కలపై చేసిన పరీక్షలో డాక్సీసైక్లిన్ వల్ల వాసన శక్తి చెప్పుకోదగ్గంత తగ్గలేదు. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ మాత్రం కొన్ని కుక్కల్లో తగ్గించింది. రాకీ చీటీలో అది ఉంటే ఎన్నాళ్లు వాడాలో డాక్టరును అడగండి.

కానీ నాకు రాకీ కన్నా మీ నాన్నగారి గురించే ఆందోళనగా ఉంది. రాత్రిళ్లు మూడుసార్లు షుగర్ పడిపోయిందంటే ఇన్సులిన్ మోతాదో, రాత్రి భోజనం వేళో మార్చాలి. ఈ వారమే ఆయన డాక్టరును కలవండి. ఆయన తలాపున గ్లూకోమీటర్, చక్కెర ఉంచండి. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

రాకీ కోలుకుని మళ్లీ లేపడం మొదలెడితే, ముందు గ్లూకోమీటర్‌తో చూడండి. రీడింగ్ 70 లోపుంటే మీ నాన్నగారికి చక్కెర ఇచ్చిన వెంటనే వాడికీ ఓ చికెన్ ముక్క పెట్టండి, ఆ వాసనకూ ఆ బహుమతికీ లంకె కుదురుతుంది. రీడింగ్ మామూలుగా ఉంటే ముక్క పెట్టొద్దు, కసరనూ వద్దు. కసిరితే అసలు లేపడమే మానేస్తాడు.