మీటరు ఎప్పుడూ సున్నాయే చూపిస్తోంది... సంతకం పెట్టాలా?

సందేహం: లాయరు గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా. చెన్నైలో పల్లావరం దగ్గర ఒక తోళ్ల ఫ్యాక్టరీలో, మురుగునీటి శుద్ధి ప్లాంటులో కాంట్రాక్టరు కింద ఆపరేటరుగా చేస్తున్నాను. సున్నపు తొట్ల నీళ్లూ, యాసిడ్ వాడే డ్రమ్ముల నీళ్లూ వచ్చి చేరే గుంత ఒకటుంది. మూడు నెలలకోసారి అడుగు బురద తీయడానికి మనుషులు దిగుతారు. గ్యాస్ మీటరు ఉంది గాని దాని కాలిబ్రేషన్ (రీడింగు సరిగా ఉందో లేదో సరిచూసే పని) గడువు ఎప్పుడో దాటింది. ఎక్కడ పెట్టినా సున్నాయే. అయినా పర్మిట్ ఫారంలో ‘గ్యాస్ పరీక్షించాను’ అన్నచోట నన్ను సంతకం పెట్టమంటారు. ఫారం తమిళంలో ఉంటుంది, నాకు చదవడం రాదు. పోయిన నెల పెట్టనన్నాను. నా బదులు ఇంకొకరు పెట్టారు. ఆ రోజే మా బావమరిది దిగి స్పృహ తప్పాడు. పైకి లాగారు, బతికాడు. బీపీ పడిపోయిందని రాయించి ఇంటికి పంపేశారు. ఇప్పటికీ తలనొప్పి, మతిమరుపు అంటున్నాడు. మళ్లీ బురద తీసే రోజు దగ్గరపడింది. ఈసారి పెట్టకపోతే మాన్పించేస్తానని కాంట్రాక్టరు అంటున్నాడు. పెట్టాక ఏదైనా జరిగితే కేసు నా మీదకొస్తుందా? మేం కంపెనీ మనుషులం కాము కదా, కంపెనీకి బాధ్యత ఉంటుందా?

జవాబు: సంతకం పెట్టకండి. ఎందుకో, పెట్టనన్నాక ఏం చేయాలో చెబుతాను.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే భయం పుట్టించిన మాట ‘నా బదులు ఇంకొకరు పెట్టారు’ అన్నది. ఆ గడిని ఎవరో ఒకరి చేత నింపిస్తే చాలని మీ ఫ్యాక్టరీ అనుకుంటోంది. చట్టం అలా అనుకోవడం లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ చూడండి. విషవాయువు ఉండే అవకాశమున్న గుంత, తొట్టి, ట్యాంకు, పైపు, దేంట్లోకైనా సరే మనిషిని దిగమనడం ఎంత తప్పో, దిగుతుంటే ఊరుకోవడమూ అంతే తప్పు. ముందుగా లోపలి వాయువును పోగొట్టడానికి చేయగలిగిందంతా చేయాలి. ఆ తర్వాత కూడా రెండే దారులు. అర్హత గల వ్యక్తి తానే స్వయంగా పరీక్షించి, లోపల ప్రమాదకరమైన వాయువు లేదని రాసి ఇవ్వాలి. లేదా దిగే మనిషి శ్వాస పరికరం తగిలించుకుని, బెల్టు కట్టుకుని, ఆ బెల్టుకున్న తాడు కొసను బయట ఇంకొక మనిషి పట్టుకుని ఉండాలి.

ఇక్కడ ‘అర్హత గల వ్యక్తి’ అంటే అనుభవం ఉన్న ఆపరేటరని కాదు. ఈ పరీక్షల కోసం ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్ గుర్తించిన మనిషి లేదా సంస్థ. మీకు ఆ గుర్తింపు ఉందని మీరు రాయలేదు, లేదనే అనుకుంటున్నాను. అలాంటప్పుడు మీ సంతకం దిగేవాళ్లను కాపాడదు, చట్టం అడిగిన ధ్రువపత్రమూ కాదు. రేపు పోలీసులకు దొరికే మొదటి పేరుగా మాత్రం పనికొస్తుంది.

ఆ చట్టం ఇప్పుడు లేదు కదా అని కాంట్రాక్టరు అనవచ్చు. కొంత నిజమే. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. కోడ్‌కు విరుద్ధం కానంతవరకు పాత నియమాలు కొత్తవి వచ్చేదాకా నడుస్తాయి. కోడ్ 6వ సెక్షన్ ప్రకారం పనిచోట ప్రాణహాని, ఆరోగ్యహాని లేకుండా చూడాల్సింది యజమాని. గుంతలోకి మనిషిని దింపే విషయంలో ఆ పని చేశారా లేదా అని తేల్చేటప్పుడు, 36వ సెక్షన్‌లోని జాగ్రత్తలకంటే తక్కువ దేన్నీ కోర్టు ఒప్పుకోదని నా నమ్మకం. పరిశ్రమలకు డెబ్బై ఏళ్లుగా తెలిసిన జాగ్రత్తలవి. తెలియదనే వీల్లేదు.

ఇక మీటరు సంగతి. ఇది ఇంజనీర్ల విషయమని వదిలేయకండి, మీ కేసుకు ప్రాణం ఇక్కడే ఉంది. తోలు మీది వెంట్రుకలు ఊడదీయడానికి సున్నపు తొట్లలో సోడియం సల్ఫైడ్ వాడతారు. సున్నం ఉన్నంతసేపు ఆ సల్ఫైడ్ నీళ్లలోనే అణగి ఉంటుంది. పికిలింగ్ డ్రమ్ముల (తోళ్లను ఉప్పు, యాసిడ్ నీళ్లలో తిప్పే డ్రమ్ముల) నుంచి యాసిడ్ నీళ్లు వచ్చి కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువై పైకి లేస్తుంది. రెండు నీళ్లనూ ఒకే గుంతలోకి వదులుతున్నారంటే వాయువు పుట్టే ఏర్పాటు వాళ్లే చేసి పెట్టారన్నమాట. అది గాలికంటే బరువు, అడుగునే పేరుకుంటుంది. బురదలో చిక్కుకున్నది కదిలిస్తేనే బయటికొస్తుంది. మూత దగ్గర నిలబడి ఒక్కసారి మీటరు చూసి, తర్వాత మనిషిని దింపి బురద కలియబెట్టిస్తే, నిజంగా పనిచేసే మీటరు కూడా ముందు చెప్పిన మాటకు విలువ ఉండదు. పైనా, మధ్యలోనా, అడుగునా చూడాలి. మనిషి లోపల ఉన్నంతసేపూ మీటరు అతని ఒంటిమీదే ఉండాలి.

వాసన రాలేదు కాబట్టి గ్యాస్ లేదు అనే మేనేజర్లు ఇప్పటికీ ఉన్నారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన తక్కువ మోతాదులోనే తెలుస్తుంది. 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలు) దగ్గరికి వచ్చేసరికి ముక్కే మొద్దుబారిపోతుంది. ప్రాణానికి తక్షణ ప్రమాదమని లెక్కవేసేదీ ఆ 100 దగ్గరే. 500 దాటితే నిమిషాల్లో మనిషి కూలిపోతాడు. ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్‌లో ఈ వాయువుకు పెట్టిన హద్దు 8 గంటల సగటున 10 పీపీఎం, 15 నిమిషాల సగటున 15. మామూలుగా దొరికే నాలుగు వాయువుల మీటర్లలో అలారం ఈ 10, 15 అంకెల దగ్గరే మోగేలా ఉంటుంది. సెన్సార్ చచ్చిపోయిన మీటరు చూపించేది కూడా సున్నాయే. అందుకే వాడే రోజున, వాడే ముందు, తెలిసిన మోతాదు గ్యాస్‌ను కాస్త తగిలించి అలారం మోగుతోందో లేదో చూస్తారు. దీన్ని బంప్ టెస్ట్ అంటారు. మీ దగ్గర అది చేసిన రిజిస్టరు ఉందా అని అడగండి. లేదన్న జవాబు కూడా సాక్ష్యమే.

కేసు మీ మీదకు వస్తుందా? రావచ్చు. పరీక్షించకుండా పరీక్షించానని సంతకం పెట్టి, దాన్ని నమ్మి దిగిన మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారనే నేరం మోపే వీలుంది. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లు, ఇప్పుడు అయిదేళ్ల దాకా. ఉద్యోగం పోతుందన్న భయంతో పెట్టానన్న మాట శిక్ష తగ్గించడానికి పనికిరావచ్చేమో గాని, నేరాన్ని చెరిపేయదు. మీరొక్కరే ఇరుక్కుంటారని కాదు. మీటరు పాడైందని తెలిసీ పని చేయించిన మేనేజరు, కాంట్రాక్టరు, వాళ్లపైన ఫ్యాక్టరీకి బాధ్యుడిగా ఉన్న ‘ఆక్యుపయర్’ అందరూ వస్తారు. కంపెనీ అయితే ఆక్యుపయర్ ఒక డైరెక్టరే. బాధ్యతలు విస్మరించినందువల్ల మనిషి చనిపోతే కొత్త కోడ్ కింద రెండేళ్ల వరకు జైలు లేదా కనీసం 5 లక్షల జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా వారసులకు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. కాకపోతే డైరెక్టరు దాకా కేసు వెళ్లడానికి సమయం పడుతుంది. కింద సంతకం పెట్టినవాడి పేరు మొదటిరోజే ఎఫ్ఐఆర్‌లో ఉంటుంది.

చదవడం రాని భాషలో ఉంది కాబట్టి నాకు సంబంధం లేదు అనే వాదన మీద ఆశ పెట్టుకోకండి. ఏళ్ల తరబడి అదే ఫారం చూస్తున్నవాడికి అందులో ఏముందో తెలియదంటే జడ్జి నమ్మడం కష్టం. ఒకవేళ ఎలాగైనా పెట్టించుకుంటే, పక్కనే తెలుగులో ‘మీటరు పనిచేయడం లేదు, నేను పరీక్షించలేదు, దిగవద్దని చెప్పాను’ అని రాసి తేదీ, సమయం వేయండి. తెలుగు రాత చెల్లదని ఎవరూ అనలేరు. అది రాశాక ఆ కాగితాన్ని వాళ్లే దాచుకోలేక అవస్థ పడతారు.

మాన్పిస్తామన్న బెదిరింపు గురించి. క్రమశిక్షణ చర్యకు స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే ఫ్యాక్టరీ ఉద్యోగ నియమావళిలో, వాడే మాట ‘చట్టబద్ధమైన, సమంజసమైన ఆదేశాన్ని’ ధిక్కరించడం. అబద్ధపు ధ్రువపత్రం రాయమనడం చట్టబద్ధమూ కాదు, సమంజసమూ కాదు. పైగా కోడ్ 14వ సెక్షన్ మీకొక హక్కు ఇచ్చింది. ప్రాణానికి ముప్పు పొంచి ఉందని సహేతుకమైన భయం ఉంటే ఆ విషయం యజమానికి చెప్పి, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేయవచ్చు. యజమాని వెంటనే సరిచేయాలి. ముప్పు లేదని యజమాని అనుకుంటే విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కు నివేదించాలి, ఇన్‌స్పెక్టర్ నిర్ణయమే అంతిమం. తోళ్ల శుద్ధి పాత చట్టంలోనే ప్రమాదకర ప్రక్రియల జాబితాలో ఉంది కాబట్టి మీకు ఈ హక్కు కొత్తేమీ కాదు.

నోటితో చెప్పి ఊరుకోవద్దు. మేనేజరుకు వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు చాలు: ఫలానా గుంత, ఫలానా తేదీన దిగే పని, మీటరు గడువు దాటింది, పోయినసారి ఒకరు స్పృహ తప్పారు, సరైన పరీక్ష లేకుండా దింపవద్దు. దాని నకలు తమిళనాడు పారిశ్రామిక భద్రత, ఆరోగ్య శాఖకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడ అందరూ డిష్ అంటారు. మీ పేరు బయటపెట్టవద్దని రాయండి. ఫిర్యాదు ఎవరిదో ఇన్‌స్పెక్టర్ చెప్పకూడదన్నది ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ ఉన్న నియమమే. అయినా అంత చిన్న ప్లాంటులో రాసిందెవరో ఊహించడం వాళ్లకు కష్టం కాదు, అందుకు సిద్ధపడే పంపండి. మీటరు మీద కాలిబ్రేషన్ స్టిక్కర్ ఫొటో తీసుకోండి. చాలా మీటర్లు రీడింగులను తేదీ, సమయంతో సహా దాచుకుంటాయి, ఆ రికార్డు చెరపవద్దని ఫిర్యాదులోనే అడగండి. ఫొటో తీసిన ఫోను అమ్మేయకండి. ఫోనులోని సాక్ష్యాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి, అసలు ఫోను ఉంటే ఆ పని తేలిక.

నిజంగానే మాన్పించేస్తే కార్మిక శాఖ రాజీ అధికారి దగ్గర వివాదం వేయవచ్చు. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, రెండేళ్లు దాటనివ్వకండి. మీకు కాగితం మీద సూపర్‌వైజర్ అని పేరు పెట్టినా కంగారుపడవద్దు. కోర్టు చూసేది హోదా పేరును కాదు, మీరు రోజూ చేసే పనిని.

కంపెనీకి బాధ్యత లేదన్నది కాంట్రాక్టర్లు చెప్పే పాత కబురు. ఏజెన్సీ ద్వారా వచ్చినా, కాంట్రాక్టరు ద్వారా వచ్చినా, ఫ్యాక్టరీలో పనిచేసేవాడు భద్రత విషయంలో ఆ ఫ్యాక్టరీ కార్మికుడే. గుంత వాళ్లది, అందులోకి వదిలే నీళ్లు వాళ్లవి, పర్మిట్ వాళ్లది. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) చందా కూడా కాంట్రాక్టరు కట్టకపోతే ముందు కట్టాల్సింది ప్రధాన యజమానే, అంటే ఫ్యాక్టరీయే, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకుంటాడు.

మీ బావమరిది విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఈ వాయువు దెబ్బకు స్పృహ తప్పి లేచినవాళ్లలో తలనొప్పి, జ్ఞాపకశక్తి తగ్గడం తర్వాత కూడా మిగిలిపోవచ్చు. జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ ఉండాలి. కేకే నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకెళ్లి, ఏ రోజు, ఏ గుంతలో, ఎంతసేపు ఉన్నాడో డాక్టరుకు చెప్పి కేసు షీటులో రాయించండి. బీపీ కాగితం ఉంది కదా అని నీరసపడవద్దు, అది రాసిన డాక్టరుకు గుంత సంగతి చెప్పారో లేదో ముందు తెలుసుకోండి. పనిలో తగిలిన గాయానికి ఈఎస్ఐ సాయం రావాలంటే ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజు నుంచే హక్కు. పనికి వెళ్లలేని రోజులకు సగటు వేతనంలో 90 శాతం వస్తుంది. అతను 48 గంటలకు పైగా పనికి రాలేకపోతే ఆ ప్రమాదాన్ని అధికారులకు తెలియజేయాల్సిన బాధ్యత ఫ్యాక్టరీది. తెలియజేశారా అని డిష్‌కు రాసే లేఖలోనే అడగండి.

ఒకటి కనుక్కుని నాకు రాయండి. ఫ్యాక్టరీ మరుగుదొడ్ల నీళ్లు కూడా ఆ గుంతలోకే వస్తాయా? వస్తే 2013 నాటి పాకీపని నిషేధ చట్టం కింద కూడా వాదించే వీలుంది. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి మనిషిని దింపడం ఆ చట్టంలో బెయిలు హక్కు లేని నేరం, మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు. మురుగు కాలువల మరణాలకు పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచింది. ఉత్త ఫ్యాక్టరీ నీళ్లే అయితే ఇది వర్తించదు, అనవసరంగా కలిపి ఫిర్యాదును బలహీనపరచవద్దు.

మీరు అడగలేదు గాని చెబుతున్నాను. ఎవరైనా లోపల పడిపోతే వెనకాలే దిగకండి. ఇలాంటి గుంతల్లో రెండో, మూడో శవం కాపాడబోయినవాళ్లదే అవుతుంటుంది. 101కి, 108కి ఫోన్ చేయండి, తాడు ఉంటే పైనుంచే లాగండి.

లాయరుకు ఇచ్చుకునే స్తోమత లేదని ఆగవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పారిశ్రామిక కార్మికుడికి జీతంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లినా చాలు. వెళ్లేటప్పుడు మీ జీతం చీటీ, గేట్ పాస్, బావమరిది ఆసుపత్రి కాగితాలు పట్టుకెళ్లండి.