పిలుపు ఆయనకొచ్చింది, నన్నెవరూ అడగలేదు

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. తరాలుగా లూథరన్ సంఘంలో ఉన్నవాళ్ళం. నాకు 61 ఏళ్ళు, మావారికి 66. ఆయన హెడ్మాస్టరుగా రిటైరయ్యాక కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడకుండా ముభావంగా ఉండేవారు. ఒకరోజు ప్రార్థనలో దేవుడు పిలిచాడన్నారు. జార్ఖండ్‌లో దుమ్కా జిల్లాలో సంతాల్ గిరిజన పిల్లల కోసం నడిచే ఒక మిషన్ హాస్టల్లో రెండేళ్ళు సేవ చేస్తామని మాట ఇచ్చి వచ్చారు. జీతం లేదు, ఆయన పెన్షన్‌తోనే గడుస్తోంది. వచ్చి ఏడాది దాటింది.

ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకు గంట కొడతారు. ప్రార్థన, బోరింగు దగ్గర నీళ్ళు, ఆ తర్వాత హాస్టలు వంటింట్లో బియ్యం, పప్పు కొలిచి ఇవ్వడం నా పని. ఆయన బడికెళితే సాయంత్రానికి గానీ రారు. అందరూ ఆయన్ని సార్, సార్ అంటారు. ఆయనకు హిందీ వచ్చు, నాకు తెలుగు తప్ప రాదు. ఆదివారం రెండు గంటలు సంతాలీలో ఆరాధన, ఒక్క ముక్క అర్థం కాదు. ఆవనూనె వాసన ఇప్పటికీ పడటం లేదు. చలికాలంలో మోకాళ్ళు పట్టేస్తాయి. షుగరు, బీపీ ఉన్నాయి. సాయంత్రం మూడో తరగతి పిల్ల ఒకతి వచ్చి మా గడప మీద కూర్చుంటుంది, పేలు చూసి జడ వేస్తాను. తర్వాత సిగ్నల్ కోసం డాబా ఎక్కి పిల్లలతో మాట్లాడి పడుకుంటాను.

మా అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. మొదటి కాన్పు, జనవరిలో డేట్ ఇచ్చారు. పురిటికి వెళ్ళాలంటే మావారు, "మాట ఇచ్చి మధ్యలో పోవడమేంటి? దేవుడు చూసుకుంటాడు. హయ్యర్ గారు అంత ముసలితనంలో సముద్రం దాటి మన దగ్గరికి రాలేదా?" అంటారు. అబ్బాయేమో హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "అమ్మానాన్నల్ని అడవిలో వదిలేశాడని నన్ను అందరూ అంటున్నారు, వెంటనే వచ్చేయండి" అని అరుస్తాడు. రాత్రిళ్ళు ఏడుపొస్తుంది. నాలో విశ్వాసం తగ్గిపోయిందా? ఇల్లు కావాలనుకోవడం పాపమా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు పురిటి సంగతి తేల్చేద్దాం. దానికి గడువుంది, మిగతావాటికి లేదు. మీరు వెళ్ళండి. డిసెంబరులో బయల్దేరి, కాన్పయ్యాక బిడ్డకు రెండు నెలలు నిండేదాకా అమ్మాయి దగ్గర ఉండండి. మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చే ఆడపిల్లకు తల్లి ఎదురుగా ఉండటం ఎంత అవసరమో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాత్రి రెండింటికి బిడ్డ పాలు తాగక ఏడుస్తుంటే ఆ పిల్ల ఎవరిని లేపుతుంది? హాస్టల్లో బియ్యం కొలవడానికి మూడు నెలలు ఇంకొకరిని చూసుకోవచ్చు. ఈ మాట హాస్టలు పెద్దలకు ఇప్పుడే చెప్పండి. దూర ప్రాంతాల్లో సేవ చేసేవాళ్ళకు మధ్యలో ఇంటికెళ్ళే సెలవు మిషన్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. సెలవు తీసుకుంటే మాట తప్పినట్టు కాదు.

ఇక హయ్యర్ గారి విషయం. మాస్టారు చెప్పింది నిజమే. ఆయన అమెరికా నుంచి 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ పని మొదలుపెట్టారు. అమెరికా తిరిగి వెళ్ళిపోయాక కూడా, ఇక్కడి మిషన్ పని చిక్కుల్లో పడిందని తెలిసి, 1869లో 76 ఏళ్ళ వయసులో మళ్ళీ ఓడెక్కి రాజమండ్రి వచ్చారు. మన గుంటూరు, రాజమండ్రి సంఘాలు ఆయన పేరు తలుచుకోవడంలో న్యాయముంది. కానీ మాస్టారు ఇంకో సంగతి కూడా గుర్తుచేసుకోవాలి. హయ్యర్ గారి భార్య 1839లోనే చనిపోయారు. ఆయన మొదటిసారి ఓడెక్కేనాటికే భార్య లేరు. వెళ్ళాలా, ఉండాలా అని ఆయన తన ఒక్కడి కోసమే ఆలోచించుకుంటే సరిపోయేది. మాస్టారికి అలా కుదరదు. ఆయన పక్కన మీరున్నారు, మీ మోకాళ్ళున్నాయి, మీ కూతురుంది. ఇద్దరు కలిసి మోసే పనికి ఒక్కరు ఒప్పుకుంటే సరిపోదు.

మీ ఉత్తరంలో నన్ను బాగా కదిలించింది ఇదే. "పిలుపు వచ్చింది" అన్నది ఆయన, "మాట ఇచ్చింది" ఆయన, "మధ్యలో పోకూడదు" అంటున్నదీ ఆయనే. మీరేమన్నారో ఉత్తరంలో ఎక్కడా లేదు. బహుశా మిమ్మల్ని ఎవరూ అడగలేదు, మీరూ చెప్పలేదు. బైబిల్లో శారా సంగతి చూడండి. దేవుడు అబ్రాహామును బయల్దేరమన్నాడని ఉంది గానీ, గుడారాలు సర్దుకుంటున్నప్పుడు శారా ఏమనుకుందో ఎవరూ రాయలేదు. అదే కొత్త నిబంధనలో అకుల, ప్రిస్కిల్ల ఉన్నారు. రోమా నుంచి వెళ్ళగొట్టబడి కొరింథులో గుడారాలు కుట్టుకుంటూ బతికారు. పౌలుకు తమ ఇంట్లో చోటిచ్చారు, ఆ తర్వాత ఎఫెసులో అపొల్లోకు ఇద్దరూ కలిసి బోధించారు. వాళ్ళ పేర్లు ఎప్పుడూ జంటగానే వస్తాయి, కొన్నిచోట్ల ఆవిడ పేరే ముందు వస్తుంది. అలాంటి సేవ కావాలని మీరు అడగొచ్చు.

మీరడిగిన విశ్వాసం ప్రశ్నకు వస్తాను. తగ్గలేదమ్మా. మీది బెంగ. పరాయి దేశంలో నదుల పక్కన కూర్చుని సీయోనును తలుచుకుని ఏడ్చినవాళ్ళ పాట కీర్తనల గ్రంథంలోనే ఉంది. ఆ ఏడుపు అవిశ్వాసమే అయితే దాన్ని మన ఆరాధన పుస్తకంలో ఎందుకు ఉంచుతారు? తెలియని మాటల మధ్య ఏడాదిపాటు రోజూ నాలుగున్నరకు లేచి పని చేసిన మనిషి, నాకు విశ్వాసం ఉందా లేదా అని రాత్రిళ్ళు భయపడటం నాకు బాధ కలిగించింది. కాకపోతే ఒక మాట. చాలా వారాలుగా నిద్ర, ఆకలి తగ్గిపోయి, దేని మీదా మనసు నిలవకుండా ఉంటే దాన్ని బెంగ అని సరిపెట్టుకోకండి, డాక్టరుకు చెప్పండి. దుమ్కాలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. షుగరు, బీపీ పరీక్షలు ఎలాగూ చేయించుకోవాలి, అదే రోజు ఇదీ చెప్పండి. మాస్టారిని తోడు రమ్మనండి, ఆయన బీపీ కూడా చూపించాలి. మాత్రలు రెండు నెలలకు సరిపడా ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. ఆ ప్రాంతంలో మలేరియా, కాలాజ్వరం ఉన్నాయి కాబట్టి దోమతెర లేకుండా పడుకోవద్దు. జ్వరం వస్తే పారాసిటమాల్‌తో నెట్టుకురాకుండా రక్తపరీక్ష చేయించండి.

ఇప్పుడు మీ దినచర్య. ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. బోరింగు నీళ్ళు, ఆవనూనె, చలి, అర్థం కాని ఆరాధన, అన్నీ అలసటగా రాశారు. ఒక్క వాక్యంలో మాత్రం ఆ అలసట లేదు. మూడో తరగతి పిల్ల గడప మీద కూర్చోవడం, మీరు పేలు చూసి జడ వేయడం. మిగతా రోజంతా మీకు ఇచ్చిన పని చేస్తున్నారు. అది మాత్రం మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉన్న ఏడెనిమిదేళ్ళ పిల్లకు రోజూ తల మీద చెయ్యి వేసే మనిషి ఒకరున్నారంటే అది చిన్న సేవ అనుకుంటున్నారా? ఆ సంతాల్ పరగణాల్లోనే, బెనగారియాలో, 1867లో బోరెసెన్, స్క్రెఫ్స్‌రూడ్ అనే ఇద్దరు విదేశీయులు మిషన్ మొదలుపెట్టారు. పేర్లు వాళ్ళవే ఎక్కువగా వినిపిస్తాయి గానీ, ఆడపిల్లల చదువును చేతుల్లోకి తీసుకున్నది బోరెసెన్ గారి భార్య కారొలీన్.

కాబట్టి వంటింటి లెక్కలు ఇంకెవరికైనా అప్పగించమని అడగండి. సాయంత్రం ఒక గంట ఆడపిల్లలతో గడిపే పని మీ పేరు మీద పెట్టించుకోండి. తల దువ్వడం, గుండీలు కుట్టుకోవడం నేర్పడం, జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చోవడం, ఇవన్నీ మీకు వచ్చు. వీటికి హిందీ అక్కర్లేదు. సంతాలీ మాటలు కూడా పుస్తకంలో కాకుండా ఆ పిల్లల దగ్గరే నేర్చుకోండి. పొద్దున ఎదురుపడిన ప్రతి పిల్లకూ చేతులు జోడించి "జొహార్" అనడంతో మొదలుపెట్టండి. రోజుకు ఒక్క మాట చాలు. తప్పుగా పలికితే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. వాళ్ళకు మీకు నేర్పేది కూడా ఒకటి దొరుకుతుంది. తల్లిని వాళ్ళు ఆయో అంటారు. కొన్నాళ్ళకు మిమ్మల్నీ అలా పిలిచే పిల్లలుంటారని నా నమ్మకం.

ఆదివారం ఆరాధనకు ఒక చిన్న ఉపాయం. శనివారమే పాస్టరు గారిని ఏ భాగం చదువుతున్నారో అడిగి, తెలుగు బైబిల్లో అదే భాగం చదువుకుని వెళ్ళండి. వాళ్ళు చదువుతున్నప్పుడు మీ చేతిలో మీ పుస్తకం తెరిచి ఉండాలి. పాటల్లో రాగం తెలిసినవి కూడా తగులుతాయి, అప్పుడు మీ మాటలతో మీరు పాడుకోండి. లూథరన్ ఆరాధన క్రమం మీకు కొత్తది కాదు, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో మీకు తెలుసు. తెలుగులో మనసారా ప్రార్థించుకోవాలనిపిస్తే ఖరగ్‌పూర్, జంషెడ్‌పూర్‌లలో రైల్వే, ఉక్కు పనులకు వెళ్ళి తరాలుగా స్థిరపడ్డ తెలుగు క్రైస్తవులున్నారు. ఖరగ్‌పూర్ మీరు ఇంటికెళ్ళే దారిలోనే ఉంది. ఒక పరిచయం సంపాదించుకుంటే మధ్యలో ఒక పూట ఆగి రావచ్చు. ఆవనూనె విషయంలో మొహమాటపడకండి. మీ ఇద్దరి వంటకు పల్లీ నూనె ఒక డబ్బా విడిగా తెచ్చుకోండి. తిండి సహించకపోతే ఎంత భక్తి ఉన్నా ఓపిక ఉండదు.

ఈ పేరా మాస్టారికి చదివి వినిపించండి. మాస్టారూ, రిటైరయ్యాక మీరు ఇంట్లో ముభావంగా కూర్చున్న రోజులు మీ భార్య మర్చిపోలేదు. పిలవగానే లేచి మీతో వచ్చినందుకు అదీ ఒక కారణమే కావచ్చు. ఇక్కడ మళ్ళీ పిల్లలు, గంట, సార్ అనే పిలుపు దొరికాయి. అందులో తప్పేమీ లేదు, పిల్లలకు మీలాంటి హెడ్మాస్టరు దొరకడం అదృష్టం. కానీ ఊళ్ళో ఆవిడ స్త్రీల సమాజంలో మనిషి, వీధిలో మనిషి, ఒక ఇంటి ఇల్లాలు. ఇక్కడ సార్ గారి భార్య మాత్రమే. మీరు పొందినవన్నీ ఆవిడ పోగొట్టుకుని వచ్చారు. రోజూ బడి నుంచి రాగానే అరగంట, ఫోనూ రిజిస్టరూ పక్కన పెట్టి, ఆవిడతో కూర్చోండి. ఈరోజు ఏం జరిగిందని ఆవిడను అడగండి. "దేవుడు చూసుకుంటాడు" అనే మాట భార్య మాట్లాడుతుంటే మధ్యలో ఆపడానికి వాడొద్దు. కూతురిని దేవుడు చూసుకునేది చాలావరకు ఈ తల్లి చేతులతోనే.

అబ్బాయి అరుపుల వెనక భయం ఉంది. ఊరివాళ్ళు అనేదానికి సిగ్గుపడుతున్నాడు, నిజమే. మీకేమైనా అయితే ఎవరు చూస్తారన్న దిగులు అంతకన్నా ఎక్కువ ఉంటుంది. హాస్టలు పెద్దల నంబరు, దగ్గర్లోని డాక్టరు నంబరు, ఊరిదాకా ఎలా రావాలో అతనికి రాసి పంపండి. మీ హెల్త్ కార్డు అక్కడ పనిచేస్తుందో లేదో కనుక్కునే పని అతనికే అప్పగించండి. అరవడానికి బదులు చేయడానికి ఒక పని దొరుకుతుంది. ఇంకొకటి. జార్ఖండ్‌లో 2017 నుంచి బలవంతపు మతమార్పిడిని నిషేధించే చట్టం అమల్లో ఉంది. మీ పని బడి, హాస్టలు పని అయినప్పుడు, మీరిద్దరూ అక్కడ చేసేదేమిటో సంస్థ నుంచి కాగితం మీద రాయించి తీసుకోండి. ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది, అబ్బాయికీ ధైర్యంగా ఉంటుంది. కుదిరితే కోడలితో కలిసి ఒకసారి వచ్చి చూసి వెళ్ళమనండి. మీరున్నది అడవి కాదని కళ్ళారా చూస్తే ఆ మాట మళ్ళీ అనడు.

తిరిగి వచ్చే సంగతి మిగిలింది. పురిటికి వెళ్ళే ముందే ఇద్దరూ కూర్చుని దీని గురించి మాట్లాడుకోండి. మార్చిలో మీకు మళ్ళీ రావాలనిపిస్తే వచ్చి రెండేళ్ళు పూర్తి చేయండి, ఈసారి మీ పని మీకుంటుంది. రావాలనిపించకపోతే ఆ మాట చెప్పే హక్కు మీకుందని మాస్టారు ఇప్పుడే ఒప్పుకోవాలి. అప్పుడు మిగిలిన నెలలు ఆయన ఒక్కరే ఉండాలా, ముందే ముగించుకుని రావాలా అన్నది హాస్టలు పెద్దలతో కలిసి తేల్చుకోవచ్చు. "నువ్వు పో, నేనుంటాను" అని కోపంతో అనుకుని విడిపోవడం మాత్రం వద్దు. అలా వెళితే అక్కడ మనవణ్ణో మనవరాలినో ఎత్తుకున్నా మీ మనసు ఇక్కడే ఉంటుంది.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. క్రిస్మస్ ముందు రైళ్ళు త్వరగా నిండిపోతాయి కాబట్టి తేదీ చూసుకుని మొదటి రోజే చేయించండి. 45 దాటిన ఆడవాళ్ళకు కింది బెర్తు కోటా ఉంది, ఆ మోకాళ్ళతో పైబెర్తు ఎక్కే పని పెట్టుకోవద్దు. టికెట్ దొరికేదాకా ఆగకుండా ఈ రాత్రే డాబా ఎక్కి అమ్మాయికి చెప్పండి, డిసెంబరులో అమ్మ వస్తోందని.