దేవాంగ పిల్లి వీడియోలు అన్నం పెడతాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం. హైదరాబాద్ జూకు వెళ్లి దేవాంగ పిల్లి, పునుగు పిల్లి, ముళ్లపంది లాంటి ఎవరూ పట్టించుకోని జంతువుల మీద చిన్న వీడియోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంది. ఏడాదిన్నర అయినా నాలుగు వందల మంది కూడా ఫాలో కాలేదు. ఇప్పుడు ‘డిజిటల్ స్టోరీటెల్లింగ్’ డిప్లొమా చేస్తానంటోంది. పదకొండు నెలలు, రెండున్నర లక్షల ఫీజు. ఎమ్మెస్సీ, బీఎడ్ చేస్తే టీచరన్నా అవుతుంది కదా అని నా వాదన. రెండూ పోల్చి ఏది మేలో చెప్పగలరు. సంబంధాలు కూడా వస్తున్నాయి. జూలో కోతుల వీడియోలు తీస్తుందని ఎలా చెప్పుకోవాలో తెలియడం లేదు.
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: ఫీజు సంగతి ముందే తేల్చేద్దాం. కట్టకండి. ఇలాంటి కోర్సుల్లో నేర్పేది ఎడిటింగ్, స్క్రిప్టు, థంబ్‌నెయిల్, ‘పర్సనల్ బ్రాండింగ్’. మొదటి మూడూ మీ అమ్మాయి ఏడాదిన్నరగా చేస్తూనే ఉంది. నాలుగోది దేవాంగ పిల్లికి అక్కర్లేదు. జంతువు గురించి మాత్రం అక్కడ ఒక్క ముక్క చెప్పరు. ఈ వృత్తిలో అరుదుగా దొరికేది ఎడిటింగ్ వచ్చినవాళ్లు కాదు, జంతువు తెలిసినవాళ్లు.

పోలిక అక్కడికి చాలు. మీ అసలు ప్రశ్న ఉత్తరం చివరి వాక్యంలో ఉంది. ఈ ప్రశ్న చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు, అందరూ దాన్ని ఫీజు కింద దాచే అడుగుతారు. పిల్ల చేసే పనికి నలుగురిలో చెప్పుకునే పేరు లేదన్నదే మీ బెంగ. ఆ బెంగ తప్పని అనను. కానీ ఏడాదిన్నరలో మీరు ఎన్ని వీడియోలు చివరిదాకా చూశారు? ఫాలోయర్ల లెక్క తెలిసింది, తీసింది కోతిని కాదని తెలియలేదు. దేవాంగ పిల్లి (ఇంగ్లిష్‌లో స్లెండర్ లోరిస్) కోతులున్న ప్రైమేట్ల కుదురుకే చెందుతుంది కాబట్టి మీది పూర్తిగా తప్పు కూడా కాదనుకోండి. అయినా అది తోక లేని, ఉడుతంత ఒళ్లున్న, పావు కిలో అటూఇటూ తూగే రాత్రి జీవి. శేషాచలం కొండల్లో ఉంది. పులికిచ్చినట్టే దానికీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో రక్షణ ఉంది. దీని కోసమే తమిళనాడు 2022లో కరూర్, దిండిగల్ జిల్లాల్లో కడవూరు అభయారణ్యాన్ని ప్రకటించింది. విస్తీర్ణం 11,806 హెక్టార్లు. మీ అమ్మాయి ఎంచుకున్నది చిన్న విషయమేమీ కాదు.

ఇక నా అనుమానం. మీకున్నది డబ్బు గురించి. నాకున్నది ‘వైల్డ్‌లైఫ్ కంటెంట్ క్రియేటర్’ అనే మోజు గురించి. ఆ దారిలో గెలుపంటే వైరల్ కావడమే. వైరల్ అయ్యేది ముద్దొచ్చే జంతువే. 2009లో ఒక వీడియో లోకమంతా తిరిగింది. దేవాంగ పిల్లికి చుట్టమైన స్లో లోరిస్‌ను ఎవరో చక్కిలిగిలి పెడుతుంటే అది చేతులు పైకెత్తి ఆనందిస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది భయం. మోచేతి లోపలి గ్రంథి స్రావాన్ని నోటికి అందుకుని లాలాజలంతో కలిపితే విషమవుతుంది. చేతులెత్తడం ఆ విషానికి సిద్ధపడటం. చూసినవాళ్లు మాత్రం ‘నాకూ ఒకటి కావాలి’ అని కామెంట్లు పెట్టారు. పెంపుడు వ్యాపారంలో వీటి పళ్లు కత్తిరించి అమ్ముతారు.

థాయ్‌లాండ్‌లోని ఖావో ఖియో జూలో 2024 జులైలో పుట్టిన పిగ్మీ హిప్పో (చిన్న జాతి నీటిగుర్రం) పిల్ల మూ డెంగ్ సంగతి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. ఫోన్లన్నిట్లో అదే. జనం విరగబడ్డారు. నిద్రపోతున్న పిల్లను లేపడానికి నీళ్లు చల్లారు, వస్తువులు విసిరారు. చివరికి జూవాళ్లు ఒక్కో బృందానికి అయిదే నిమిషాలని నియమం పెట్టాల్సి వచ్చింది. జూకు ఆదాయం వచ్చింది, కాదనను. కానీ పిగ్మీ హిప్పోలు పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా, సియెర్రా లియోన్, గినీ, ఐవరీ కోస్ట్ అడవుల్లో మూడు వేలలోపే మిగిలాయన్న మాట ఆ లక్షల మందిలో ఎందరి చెవిన పడిందో? నాలుగు వందల మంది ఫాలోయర్లంటే నేను జాలిపడకపోవడానికి కారణం ఇదే.

మరి మంచి కథ ఎలా ఉంటుంది? దేవాంగ పిల్లినే తీసుకుందాం. అది కోతిలా దూకలేదు. కొమ్మ పట్టుకుని, పక్క కొమ్మ అందుకుని, అప్పుడు మొదటి కొమ్మ వదులుతుంది. అంటే చెట్ల కొమ్మలు ఒకదానికొకటి తగులుతుండాలి. రోడ్డు కోసమో కరెంటు తీగల కోసమో మధ్య కొమ్మలు నరికితే దాని దారి తెగినట్టే. అప్పుడు నేల మీదికి దిగుతుంది. అక్కడ వాహనాలు, కుక్కలు. తీగ పట్టుకుంటే షాకు. డెబ్భై అయిదు సెకన్ల వీడియోకు ఇంతకన్నా కథ అక్కర్లేదు. చూసినవాళ్లు చేయగలిగిన పని కూడా అందులోనే ఉంది. పొలం గట్టున కొమ్మలు కొట్టించేటప్పుడు రెండు చెట్లు కలిసేచోట వదిలేయమని చెప్పొచ్చు. ‘ప్రకృతిని కాపాడండి’ అంటే ఎవరూ ఏమీ చేయరు. ఏం చేయాలో అందులో లేదు మరి.

అమ్మాయికి పనికొచ్చే సంగతులు కొన్ని, ఆమె చేత చదివించండి. జూలో నిశాచర జంతుశాలలో పగటిని రాత్రి చేస్తారు. మనం వెళ్లే వేళ లోపల మసక వెలుతురే ఉంటుంది. ఫోను కెమెరాను ఆటో మోడ్‌లో వదిలితే ఐఎస్ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) పెంచేసి బొమ్మంతా ఇసుక చల్లినట్టు చేస్తుంది. ప్రో మోడ్‌లో షట్టర్ 1/25 సెకను దగ్గర, ఐఎస్ఓ 1600 దాటకుండా పెట్టాలి. దేవాంగ పిల్లి నింపాదిగా కదులుతుంది కాబట్టి ఆ షట్టర్ సరిపోతుంది. పునుగు పిల్లికి సరిపోదు, తోక చెదిరిపోతుంది. లెన్సును అద్దానికి ఆనించి చుట్టూ నల్లగుడ్డ అడ్డం పెట్టాలి. లేకపోతే వెనక నిలబడ్డవాళ్ల ఫోన్ వెలుగంతా అద్దంలో పడుతుంది. ఫ్లాష్ వద్దు, టార్చి వద్దు, అద్దం తట్టొద్దు. జూలో జంతువును ఏడిపించడం, తిండి పెట్టడం, శబ్దంతో బెదరగొట్టడం వన్యప్రాణి చట్టం 38జె ప్రకారం నేరం. అడవిలో లోరిస్‌లను లెక్కించే పరిశోధకులు కూడా తెల్ల వెలుతురు వాడరు, తలదీపానికి ఎర్ర కాగితం చుట్టుకుంటారు.

శబ్దం విడిగా రికార్డు చేసుకోవాలి, వెయ్యి రూపాయల కాలర్ మైకు చాలు. స్క్రిప్టు ఇంగ్లిష్‌లో రాసుకుని తెలుగు చేస్తే నిడివి పెరిగి ఊపిరాడదు. హాయిగా వినిపించాలంటే నిమిషానికి నూట పది మాటలే. మొదటినుంచీ తెలుగులోనే రాయమనండి. సబ్‌టైటిల్స్ వేశాక వీడియోను బయటికి తీసి మరోసారి చూసుకోవాలి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో ఒత్తులు ఊడి పక్కకు పడతాయి. ‘శేషాచలం’ బాగానే వస్తుంది, ‘అభయారణ్యం’ దగ్గర తంటా. అడవిలో తీసినదైతే చోటు పేరు, జీపీఎస్ వివరాలు తీసేయాలి. అలుగు (పాంగోలిన్) ఫలానా గుట్టలో ఉందని చెప్పే వీడియోను మనకన్నా ముందు వేటగాళ్లు చూస్తారు.

జంతువు అసలు దొరకని కథ కూడా ఒకటి చేయాలి. కలివి కోడి అనే పక్షి ఏ జూలోనూ లేదు. అంతరించిందనుకున్నాక 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ కనిపించింది. తర్వాత పరిశోధకులు పొదల మధ్య మట్టిని జల్లించి పట్టీలుగా పరిచి, పొద్దున్నే పాదముద్రల కోసం వెతికేవారు. పక్షి లేకుండా, మట్టి పట్టీతో రెండు నిమిషాలు చూసేవాణ్ని కూర్చోబెట్టగలిగితే ఆమెకు ఈ పని వచ్చినట్టే. ఏ డిప్లొమా అయినా ఈ పరీక్ష పెడితే నాకు చెప్పండి, ఫీజు కట్టమంటాను.

చదువు సంగతి. ఎమ్మెస్సీ అన్న మీ మాట సరైనదే, కారణం మాత్రం మరొకటి. వైల్డ్‌లైఫ్ సైన్స్‌లో డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, వైల్డ్‌లైఫ్ బయాలజీలో బెంగళూరు ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) రెండూ మంచివి. సీట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎన్‌సీబీఎస్ ప్రవేశాలు రెండేళ్లకోసారే, తేదీ దాటితే రెండేళ్లు ఆగాలి. రాకపోతే ఇక్కడి యూనివర్సిటీలోనే జువాలజీ చేసి, ప్రాజెక్టు మాత్రం జంతువు మీద తీసుకోవాలి. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ (అంతరించిపోతున్న జంతువుల సంరక్షణ ప్రయోగశాల) ఉంది. మూషిక జింకల సంఖ్య పెంచి నల్లమల అడవిలో వదిలే పని జూతో కలిసి చేసింది వాళ్లే.

ఉద్యోగాలు? జూలో నేరుగా ‘కథలు చెప్పేవారు’ అనే పోస్టు లేదు. పెద్ద అధికారులు అటవీ శాఖ నుంచి వస్తారు. ఎడ్యుకేషన్, బయాలజిస్టు పనులు చాలాచోట్ల కాంట్రాక్టు మీదే. అది దాచను. స్వచ్ఛంద సంస్థల్లో కమ్యూనికేషన్ పోస్టులున్నాయి. వాళ్లు డిప్లొమా అడగరు, చేసిన పని చూపించమంటారు. అరవై రీల్స్ కన్నా ఆరు ఫిల్ములు మేలు. ఒక్కోదానికి ఒక పేజీ ఉండాలి: ఏ అనుమతి తీసుకుంది, వివరాలు ఏ శాస్త్రవేత్త సరిచూశారు, చూసినవాళ్లలో ఏం మారింది. ఆ మూడోది తెలుసుకోవడానికి లైకులు పనికిరావు. ఊరి బడిలో ఇరవై మంది పిల్లలకు వీడియో చూపించి, వారం తర్వాత మూడు ప్రశ్నలడగాలి. ఎంతమంది చెప్పగలిగారో అదే లెక్క.

మీ బీఎడ్ కూడా ఇక్కడే అక్కరకొస్తుంది. ఎమ్మెస్సీ తర్వాత చేయాలనిపిస్తే చేస్తుంది, తొందరేం లేదు. టీచరైనా ఈ వీడియోలు ఆగిపోవు, బడే ఆమెకు ప్రేక్షకులను ఇస్తుంది. సంబంధాలవాళ్లు అడిగితే ‘జువాలజీ చదువుతోంది, వన్యప్రాణుల మీద ఫిల్ములు తీస్తుంది’ అనండి. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ రెండున్నర లక్షలు ఎమ్మెస్సీకి దాచండి. అందులోంచి రెండు వేలు మాత్రం మైకుకీ ట్రైపాడ్‌కీ ఇవ్వండి. ఈసారి జూకు ఆమెతో మీరూ వెళ్లండి. సోమవారాలు మూత, చూసుకుని బయల్దేరండి. నిశాచర జంతుశాలలోకి వెళ్లాక ఫోను జేబులో పెట్టుకోండి. కళ్లు చీకటికి అలవాటుపడటానికి అయిదు నిమిషాలైనా పడుతుంది, మొదటి నిమిషానికే ‘ఏమీ లేదు, పద’ అనకండి.